మచ్చుకత్తి వాదర

ఈ సంవత్సరపు మహాసభా సంచికకు మన పూర్వుల ఖడ్గనిర్మాణ కౌశలమును గూర్చి యొక చరిత్రవ్యాసమును వ్రాసి పంపవలసినదిగా సంఘ కార్యదర్శిగారు మమ్ము కోరియున్నారు. వారి యాదరమునకు కృతజ్ఞులము. కాని వ్రాయుటకు కూర్చుండినపుడెల్ల మా మనస్సునకు ఖడ్గము తోపక, మా పెరటి వసారా చూరులో దోపియున్న మచ్చుకత్తియే తోచుచు వచ్చినది. కావున వారి క్షమను వేడి, దానిని గూర్చియే వ్రాయుచున్నాము. కొలిమియెదుట పుట్టి పెరిగినవారు పలువురు ఈ సంచికను చదువుదురు. 35 ఏండ్లు పిల్లలచేత శబ్దమంజరియు నమరమును వల్లె వేయించి విశ్రాంతి గైకొనిన మేము వారికి పదనును గూర్చి చెప్పబూనుట కమ్మరివీధిలో సూదులమ్మినట్లే యగును. అయినను ఆ వీధిలో కొలుములు ఒక్కొక్కటిగా చల్లారుచుండుటచేత ఈ సూదుల కిప్పుడు కొంత గిరాకి యుండునేమో యని సాహసించితిమి.

మచ్చుకత్తి యెట్టిదో పట్టణములలో పెరిగిన పిల్లలకు చెప్పవలసియున్నది. పిడితో కూడ మూరెడు పొడవు, అలుగు వెడల్పు 2 అంగుళములు, వెన్ను దళసరి, కొన ముందునకు కొంచెము వంగియుండును. బరువంతయు ముందుభాగముననే యుండును గనుక చేతిబలముకంటె కత్తిబరువే యెక్కువ పని చేయును. కొబ్బరిమట్టలు, తాటికమ్మలు, వెదురు, కంచెకు ముండ్లకంప, పొయ్యిలోనికి ఎండుకొమ్మలు, ఇవి దాని పనులు. గొడ్డలికంటె చిన్నది, కొడవలికంటె పెద్దది. ఎండలో వానలో బయటనే తిరుగునట్టిది. ప్రదర్శనశాలల యద్దపు బీరువాలలో దీనికి చోటు దొరకుట అరుదు.

మా తండ్రిగారు కుంపటియెదుట బంగారుపని చేసినవారు. మా తల్లిగారి పుట్టినింటివారు ఇనుపపనివారు. ఆమెతో కూడ ఆ యింటినుండి మా యింటికి వచ్చిన వస్తువులలో ఈ కత్తియు నొకటి. మా మాతామహులు స్వయముగ సాగగొట్టి చేసినది. ఇది కోనసముద్రపు ఉక్కుతో చేయబడినదని మేము చిన్ననాటినుండి నమ్మి, బడిలో పిల్లలకు సైతము చెప్పుచు వచ్చితిమి. ఉద్యోగవిరమణానంతరము మేము గోదావరి లంకలలోని స్వగ్రామమునకు మరలి వచ్చి చూడగా కత్తి మొక్కవోయి, మట్టను కోయుటకు మారుగ నలుగగొట్టుచుండెను. దానిని సంచిలో పెట్టుకొని పట్టణమునకు పోయితిమి. అచ్చట నొక పనిశాలలో విద్యుత్తుతో తిరుగు సానచక్రమున్నది. ఆ కుఱ్ఱవాడు కత్తిని చక్రమునకు గట్టిగ నదిమిపట్టెను. మతాబాలు వెలిగించినట్లు నిప్పురవ్వలు లేచెను. 5 నిమిషములలో వాదర తళతళలాడినది. వాదర పొడవున 3 అంగుళముల మేర నెమలికంఠపు నీలివన్నె దిగియుండెను. మేము దానిని చూచి, ఎంత సొగసుగ నున్నదని మురిసి, అడిగిన సొమ్మిచ్చి వచ్చితిమి.

మఱునాడు ఎండుమట్టపై వేసిన రెండవ వేటుకే ఆ నీలివన్నె దిగినచోట వాదర తగరపురేకువలె మడతపడిపోయినది.

మా గ్రామమునకు క్రోసుదూరమున మాకు మేనమామ వరుసైన యొక పెద్దాయన యుండెడివారు. అప్పటికి వారికి 80 ఏండ్లు దాటినవి. కత్తిని తీసికొనిపోయి వారి చేతిలో పెట్టితిమి. వారు దానిని వెలుతురున కెత్తి చూచి, బొటనవ్రేలి గోటితో నీలివన్నెను గీచి, "అల్లుడూ, దీన్ని నూరించలేదయ్యా, కాల్పించావు" అనిరి.

"చూడటానికి బాగా మెరిసింది గదా మామయ్యా" అంటిమి.

"మెరిసింది. కోసిందా?" అనిరి.

దానికి మాయొద్ద సమాధానము లేకపోయెను. పదను పెట్టబడినదానికి నిశితము, క్ష్ణుతము, శాతము, తేజితము అను నాలుగు మాటలను అమరసింహుడు తృతీయకాండమున చెప్పియున్నాడు. ఆ నాలుగింటిని మేము వేలకొలది పిల్లలచేత చెప్పించితిమి. తేజితమునకు మూలమైన తిజధాతువునకు పదను పెట్టుట యర్థమనియు, తేజస్సు, తీక్ష్ణము అను మాటలును దానినుండియే పుట్టినవనియు, ఓర్పను నర్థమున తితిక్ష యనునదియు నా ధాతువుయొక్క బిడ్డయే యనియు నల్లబల్లపై వ్రాసి చూపితిమి. కాని కాలిన వాదరకును నూఱిన వాదరకును గల భేదమును కనిపెట్టలేకపోతిమి. ఈ సిగ్గుచేతనే మేము గ్రంథములను మఱల తెఱచితిమి. ఆ వృద్ధుని కొలిమికి నాలుగేండ్లు తిరిగితిమి. ఈ వ్యాసమందలి విషయములు అట్లు కూడినవి.

ముందుగా ఖడ్గమును గూర్చి ప్రచారమునందున్న మాటలను కొంత విడదీయవలసియున్నది. మన యుక్కు దేశాంతరములకు పోయినదనుట సత్యము. హిందూదేశపు ఉక్కుకంటె చక్కని వాదర నిచ్చునది లేదని 12వ శతాబ్దమునకు చెందిన అరబ్బు భూగోళవేత్త అల్ ఇద్రీసీ వ్రాసియున్నాడు. నిజామాబాదు మండలమున, నేటి కమ్మర్‌పల్లి పరిధిలోనున్న కోనసముద్రమునకు పారసీక వర్తకులు ఉక్కుకొఱకే వచ్చి, తామే దగ్గఱనుండి తూకములు చూచుకొని కొనిపోవుచుండిరి. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసి 1824లో మరణించిన వాయిసీ దొర ఆ కొలుములను కన్నులార చూచి వ్రాసిన వివరణము 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ముద్రింపబడెను. రెండూళ్ళ ఇనుములను 3 పాళ్ళకు 2 పాళ్ళ చొప్పున కలిపి, మట్టిమూసలలో పెట్టి మూతవేసి, 24 గంటలు నిప్పు ఆరనీయక కాచుదురనియు, చల్లారిన ఉక్కుబిళ్ళ మిక్కిలి పెళుసై యుండుటచేత మట్టి పూసి మరల మరల కాచి మెత్తపఱతురనియు నందున్నది. సీమలో దీనిని ‘వూట్జ్’ అనిరి. మన ‘ఉక్కు’ అను మాటయే దొరల చేతివ్రాతలో తారుమారై యట్లయినదని పలువురి యభిప్రాయము. 1794లో బొంబాయినుండి డాక్టరు స్కాటు పంపిన బిళ్ళలను లండనులో పియర్సను పరీక్షించి 1795లో ప్రకటించెను. స్టోడార్టను కత్తుల పనివాడు ఆ యుక్కుతో చేసి చూచినవానిలో కలము చెక్కు చిన్నకత్తి యొకటి. పిదప 1819 మొదలు ఆ స్టోడార్టుతో కలిసి దానిని శోధించినవాడు మైకేల్ ఫారడే. ఈ మహనీయుని తండ్రి వృత్తిచేత కమ్మరి యని మన పిల్లలకు చెప్పదగును. అంతటివాడును పొరబడెను, ఆ యుక్కు గుణము అల్యూమినియమువలన కలిగినదని తలచెను. బొగ్గుపాలు అధికముగ నుండుటయే కారణమని ఆ కాలముననే ఫ్రాన్సుదేశమున బ్రేయాఁ యను నతడు గుర్తించెను.

ఇంతవఱకు సత్యము. దీనిపై మనవారు కట్టిన మేడలు వేఱు. జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 2006లో ఒక పాత డమాస్కసు కత్తిముక్కలో కర్బనపు అతిసూక్ష్మ నాళములను కనుగొంటిమని ప్రకటించిరి. వెంటనే మన సభలలో ‘మన పూర్వులకు ఆ సూక్ష్మవిద్య తెలియును’ అను నుపన్యాసములు బయలుదేరినవి. ఇది పొరబాటు. పెరుగు తోడుపెట్టు గృహిణికి ఏ పెరుగు పులియునో ఏది గట్టిపడునో తెలియును. అందలి సూక్ష్మజీవుల యాకారము తెలియునని ఎవ్వరును చెప్పరు. అందువలన ఆమె నేర్పునకు కొఱత రాదు. కొలిమిలో మంట రంగు చూచి మూసను దింపినవాని నేర్పును ఆ నేర్పుగనే చెప్పుకొనుట మేలు.

ఇంకొక మాట. కోనసముద్రపు ఉక్కులో నూటికి సుమారు 1½ పాళ్ళు బొగ్గుపాలుండును. అందుచేత అది మిక్కిలి కఠినము, మిక్కిలి పెళుసు. ఎఱ్ఱగ కాచి సమ్మెటవేటు వేసిన సీమ కమ్మరులకు అది ముక్కలై పోయెను. అట్టి యుక్కు ఖడ్గమునకు, శస్త్రవైద్యుని కత్తికి, రాతిపనివాని ఉలికి తగును. 1800–1801లో మైసూరు సీమలో తిరిగిన బుకానను దొర, ఉక్కుతో రాతి ఉలులను, ఖడ్గములను, వాద్యములకు తంతులను చేయుదురని వ్రాసెను. ఎండుకొమ్మపై దినమునకు వందవేట్లు పడు మచ్చుకత్తికి అంత పెళుసు పనికిరాదు. పూర్వపు పనివారు మెత్తని ఇనుముతో కత్తి చేసి, వాదరయొద్ద మాత్రము ఉక్కు నతికెడివారని మా మామగారు తమ పెద్దలవలన విన్నమాట చెప్పిరి. వెన్ను వంగినను విఱుగదు. వాదర అరిగినను మొక్కవోదు.

శాస్త్రమున కత్తివాదరను గూర్చి యున్నదానిని చూతము. వరాహమిహిరుడు 6వ శతాబ్దమువాడు. ఆయన బృహత్సంహితయందు ఖడ్గలక్షణాధ్యాయమున శస్త్రపానము, అనగా కాచిన యినుముచేత ద్రవమును ‘త్రాగించుట’, చెప్పబడినది. శుక్రాచార్యుని మతముగ చెప్పిన మొదటి విధులు వట్టి ఫలశ్రుతులు: సంపద కోరువానికి నెత్తురు, గుణవంతుడైన కొడుకును కోరువానికి నేయి, తఱుగని ధనము కోరువానికి నీరు. కొలిమిలో నిలుచున్నవాడు ఇట్లు మాటలాడడు. కాని తరువాత, అరటిబూడిద క్షారమును చిలికిన మజ్జిగలో కలిపి ఒక దినముంచి, దానిలో పదను పెట్టిన ఇనుమును చక్కగా నూఱినచో అది రాతిపైనను విఱుగదు, ఇతర లోహములపైనను మొక్కవోదు అని యొక విధి కలదు. ఇది పనివాని మాట. మన వక్తలు ఈ శ్లోకమును చదువునపుడు అరటిబూడిదయొద్ద ఆశ్చర్యపడి యాగిపోవుదురు. ‘చక్కగా నూఱినచో’ అను నియమమును విడిచిపెట్టుదురు. ఆ నియమము లేనిచో అరటిబూడిదయు మజ్జిగయు చేయగలిగిన దేమియు లేదు. మేము మా యింటి కత్తిపై దానిని చూచితిమి.

సుశ్రుతుడు ఇంకను స్పష్టము. ఆయన శస్త్రవైద్యుడగుటచేత, వాదర చెడినచో రోగి ప్రాణమే పోవునని యెఱిగినవాడు. శస్త్రములకు క్షారము, జలము, తైలము అని మూడు పానములు చెప్పెను. ఎముకను, బాణశల్యమును కోయుదానికి క్షారము. మాంసమును కోయుదానికి నీరు. సిరలను పొడుచుదానికి, స్నాయువును కోయుదానికి నూనె. కాచిన యినుమును వట్టినీటిలో ముంచినపుడు దాని చుట్టును ఆవిరిపొర యొకటి కమ్ముకొని చల్లదనమును కొంత అడ్డును. ఉప్పుగాని క్షారముగాని కలిసిన నీటిలో ఆ పొర త్వరగ విడిపోవును గనుక ఇనుము మఱింత గట్టిపడును. నూనెలో మెల్లగ చల్లారి మెత్తదనము మిగిలియుండును. ఇది నేటి లోహశాస్త్రము చెప్పునది. సుశ్రుతుని వరుసయు దానికి సరిపడుచున్నది. పిమ్మట ఆయన వాదర మందమును నిర్ణయించెను. భేదించు శస్త్రములకు మసూరపప్పు ప్రమాణము, గీఱు శస్త్రములకు అందు సగము, పొడుచువానికి వెండ్రుక మందము, ఛేదించువానికి అర సగము వెండ్రుక గాదు, వెండ్రుకలో సగమే. నూఱుటకు మినుపవన్నె గల నున్నని రాయి. నూఱిన వాదర నిలుచుటకు బూరుగుచెక్క. వెండ్రుకను తెంపగలిగిననే వాదర కుదిరినదని పరీక్ష. పనినిబట్టి వాదర మందము మాఱవలెనను నీ సూత్రము పాఠము చెప్పిన దినములలో మాకు కంఠస్థమేగాని అర్థము కాలేదు. మామగారు గడ్డికొడవలిని, మచ్చుకత్తిని ప్రక్కప్రక్కన పెట్టి, "దీని వాదర దానికి పెడితే ఒక్క పూట" అన్నపుడు అర్థమైనది.

నూఱురాళ్ళలోను తారతమ్యము కలదు. సంస్కృతమున శాణమనునదియే మన సాన. అమరమునందు శాణము, నికషము, కషము ఒక్కటే. కనుక మా తండ్రిగారి యొరగల్లును మామగారి సానరాయియు నిఘంటువున నొక్కయింటివే. కురువిందమను కఠినశిల దక్షిణదేశమున సేలము, మైసూరు, అనంతపురము ప్రాంతములలో దొరకును; దానిని పొడిచేసి లక్కతో ముద్దచేసి సానచక్రములను చేయుట మన దేశమున చిరకాలపు టలవాటు. సీమవారి ‘కొరండము’ అను మాట మనదగ్గఱనుండి పోయినదే. నేడు బజారున దొరకు నల్లని కృత్రిమశిల, కార్బొరండము, అమెరికాలో ఆచెసన్ 1891లో కనుగొన్నది. అది మంచిరాయి. తప్పు రాతియందు లేదు. నీరు లేకుండ, ఆపకుండ అదిమిపట్టిన చేతియందున్నది.

ఇప్పుడు మా బాల్యమునాటి యేర్పాటును చెప్పవలెను. ఏలయన కత్తి చరిత్రలో దానికంటె ముఖ్యమైనది మాకు కనబడలేదు. విజయనగర కాలమునుండియు గ్రామమునకు పన్నెండుగురు ఆయగాండ్రని వ్యవహారము. వారిలో కమ్మరియు నొకడు. మేము బడికి పోవు దినములలో, అనగా 1960 తరువాతి యేండ్లలో, మా ప్రాంతమున ఆ పద్ధతి యింకను చావలేదు. రైతు కఱ్ఱు, పార, కొడవలి, మచ్చుకత్తి ఏ దినమున తెచ్చినను పదను పెట్టి యిచ్చుట కమ్మరి విధి. చేతికి డబ్బు లేదు. కోతలైన పిదప కళ్ళములో ధాన్యము కొలిచి యిచ్చెడివారు. దానికే మేర యని పేరు. ఈ పద్ధతిని మేము పొగడుటకు రాలేదు. పంట పోయిన యేట మేరయు పోయెడిది. కళ్ళము చివర బుట్టతో నిలుచుండి పిలిచినదాక వేచియుండుట మా మామలకు బాగుగ తెలియును. తిత్తులూదిన మా అత్తలకు ఆ కొలతలో వేఱుగ గింజ లేదు. సమ్మెటయు వారు వేసినదే. కాని యొక్క గుణము మాత్రము గమనింపదగియున్నది. సంవత్సరమునకు వచ్చు ధాన్యము ఒక్కటే గనుక, చెడుపదను పెట్టినచో ఆ కత్తి పదిదినములలో తిరిగి వానియొద్దకే కూలిలేక వచ్చును. వాదర ఎంతకాలము నిలిచిన కమ్మరికి అంత లాభము. నేడు చక్రముపై పట్టినప్పుడెల్ల సొమ్ము; ఎంత త్వరగ మొక్కవోయిన అంత వ్యాపారము. ఆ పట్టణపు కుఱ్ఱవాడు దుష్టుడు గాడు. వానికి వాదర నిలుపవలసిన యవసరమును ఎవ్వరును కల్పింపలేదు.

ఇక మా కత్తి సంగతి. బాగుచేయుటకు ముందు మామగారు అలుగును డాకలిపై తట్టి, నిప్పులో పెట్టబోవుచుండగా, "జాగ్రత్త మామయ్యా, కోనసముద్రపు ఉక్కు" అంటిమి. వారు పట్టుకారు దింపి నవ్విరి.

"ఎవరు చెప్పారయ్యా? ఇది లారీ కమాను పట్టీ. మీ తాత రాజమండ్రిలో పాతఇనుము తూకానికి కొన్నాడు. మోసుకొచ్చింది నేనే."

60 ఏండ్ల నమ్మకము ఆ యొక్కమాటతో పోయినది. కొంతసేపటికి నిరాశ తీఱి, ఆలోచింపగా మా తాతగారియందు గౌరవము హెచ్చినది. కమాను పట్టీలో బొగ్గుపాలు నూటికి సుమారు 0.6, బండి కుదుపులకు వంగి లేచుటకై పుట్టిన ఉక్కు. మచ్చుకత్తికి కావలసినదియు నదియే. మూసయుక్కు కొలుములు 19వ శతాబ్దాంతమునకు మిక్కిలి క్షీణించినవి. 1856లో బెస్సెమరు పద్ధతి వచ్చుటచేత సీమయుక్కు చౌకయైనది, అడవిబొగ్గు ప్రియమైనది, 1878 ఆయుధముల చట్టము ఖడ్గములకు గిరాకి తగ్గించినది. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణమున వెదకి, చిట్టెపుకుప్పలను, మూసపెంకులను పెక్కుచోట్ల గుర్తించిరి. కొలుములు పోయి చిట్టెము మిగిలినది. అట్టికాలమున మా తాతగారు పాతఇనుప కుప్పలో తమకు కావలసిన ఉక్కును చేతితో తట్టి, మ్రోతవిని, ఏఱుకొనిరి. మేము పిల్లలకు చెప్పిన కథకంటె ఇది గొప్పది.

మామగారు పని సాయంకాలమున ప్రారంభించిరి. ఎండలో నిప్పు వన్నె తెలియదని కారణము చెప్పిరి. కాలిన భాగమును ఎఱ్ఱగ కాచి, వెన్నునుండి వాదరవైపునకు సన్నని వేట్లతో సాగగొట్టి, పగిలిన యంచును ఆకురాతితో తీసివేసిరి. ఏండ్లకొలది నూఱిన కత్తికి వాదర వెనుక మందము పెరుగునట. అప్పుడు రాయి ఎంత రుద్దినను ప్రయోజనము లేదు, కొలిమికి రావలసినదే. తరువాత వాదర మాత్రము పండుమిరప యెఱుపు వచ్చువఱకు కాచి, అంగుళము లోతున నీటిలో ముంచి తీసిరి. "ఇనుము తాగాలి గాని మునగకూడదు" అనిరి. శస్త్రపానమను మాట ఆయన చదువలేదు. వెంటనే అలుగును రాతిముక్కతో గీచి తెలుపు చేసి, కనురెప్ప వేయక చూచుచుండిరి. వెన్నులో మిగిలిన వేడి మెల్లగ వాదరవైపునకు ప్రాకుచుండగ, ముందు లేత గడ్డివన్నె, పిదప గోధుమవన్నె, పిదప ఊదా వచ్చినవి. ఊదా వాదరను తాకిన క్షణమున కత్తినంతయు నీటిలో త్రోసిరి. గడ్డివన్నె సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడుయొద్ద, ఊదా 280 యొద్ద, నీలి 300 యొద్ద వచ్చునని లోహశాస్త్రజ్ఞుల లెక్క. ఊదాకును నీలికిని నడుమ మూడు నాలుగు శ్వాసల కాలము. సానచక్రము మా కత్తిని ఆ గీటు దాటించినది.

నూఱుట మఱునాటి యుదయమున. రాతిని తడిపి, 2 అంగుళముల వెడల్పుగల మా కత్తి వెన్నును రాతినుండి ఒక వ్రేలి వెడల్పు ఎత్తి పట్టుమనిరి. మేము ఇంటికి వచ్చి లెక్కకట్టగా అది సుమారు 20 డిగ్రీల కోణమైనది. ఎండుకఱ్ఱ నఱకువారు ఇంకొంచెము ఎత్తవలెనట. వంపు తిరిగినచోట చేయియు తిరుగవలెను, ఎత్తు మాఱరాదు. ఒక ప్రక్క నూఱగ నూఱగ రెండవ ప్రక్కకు సన్నని రేకు లేచును. వాదరకు అడ్డముగ, బయటివైపునకు వ్రేలితో నిమిరిన తెలియును. అది మొదలునుండి కొనవఱకు లేచినదాక ప్రక్క మార్పరాదు. అటుపిమ్మట రెండవ ప్రక్క, అంతియే. తరువాత నున్నని రాయి, తేలికచేయి. చివరకు ఆ రేకు రాలిపోవుటకు పాతచెప్పు తోలుపై వెనుకకు నాలుగైదు మార్లు లాగిరి. మేము బూరుగుచెక్కను గూర్చి సుశ్రుతుని మాట చెప్పితిమి. "బూరుగైతేనేం, చెప్పైతేనేం, మెత్తగా ఉండాలి" అనిరి. వాదరను వెలుతురున కెత్తి చూడుమనిరి. మొక్కవోయినచోట తెల్లని గీటు మెఱయును, నూఱినచోట ఏమియు కనబడదు.

పనియైన పిదప మట్టజిగురును తుడిచి ఆముదము చేయి రాయవలెను. కత్తిని కొమ్మలో గ్రుచ్చి రాత్రి మంచున విడువరాదు. దానితో మన్ను త్రవ్వరాదు. ఈ మూడింటిలో మూడవది మా పనివానికి నేర్పుటకు మాకు ఒక సంవత్సరము పట్టినది.

మామగారు గత మాఘమాసమున కాలధర్మము నొందిరి. కొలిమి చల్లారినది. వారి కుమారు లిరువురును వేఱు పనులలో కుదురుకొనిరి. వారిని తప్పుపట్టుటకు మే మెవ్వరము? మా తండ్రిగారి కుంపటిని విడిచి బడికి పోయినవారము మేమే. వారు చెప్పిన మాటలు, కొలిమి పనిముట్ల పేర్లు, మా నోటుపుస్తకమున 40 పుటలదాక నున్నవి. తక్కిన మండలములలో ఈ పేర్లు వేఱుగ నుండును. కొలిమియెదుట కూర్చున్న పెద్దలు మీ యిండ్లలో నున్నచో వారి మాటలను వ్రాసి మాకు పంపగోరుచున్నాము. స్త్రీలనుగూడ అడుగవలెను, వారే యెక్కువ చూచినవారు.

మహాసభ జరుగు రెండు దినములును భోజనశాల ప్రక్క పందిరిలో ఆ కత్తిని, మామగారి నూఱురాతిని బల్లపై నుంచెదము. గోరువారు చేతబట్టి చూడవచ్చును. మొన్ననే నూఱితిమి, వాదరపై వ్రేలు పెట్టవలదు.